ప్రామాణిక పాఠకుడు

ఒక ఆల్బం వినడానికి ముప్పావుగంట పడితే, దాని మీద రాసిన సమీక్ష చదవడానికి కూడా ముప్పావుగంట పట్టాలి. అంతకు ఏమాత్రం తగ్గినా అది సంగీతానికి అన్యాయం చేయడమే. ఈ సంగతి ప్రపంచంలో మరెవరికీ తట్టలేదు గానీ తెలుగు ప్రగతిశీల రాక్ శ్రోతల సమితికి తట్టింది. తట్టాక దూసి వెంకటాద్రికి మనశ్శాంతి లేకుండా పోయింది.

సమితి అంటే ఆఫీసూ, బోర్డూ, కుర్చీలూ ఉన్న సమితి కాదు, ఇంటర్నెట్‌లో ఒక గ్రూపు. ప్రోగ్రెసివ్ రాక్ అని ఒకరకం విదేశీ సంగీతం ఉంది. అందులో పాట మూడు నిమిషాల్లో ముగిసిపోదు. క్యాసెట్టు ఒకవైపంతా ఒకే పాట సాగుతుంది. మధ్యలో తాళం మారుతుంది, ఆర్గాన్ అనే కీబోర్డు వాయించేవాడు ఎటో వెళ్ళిపోయి చాలాసేపటికి గానీ తిరిగి రాడు, పాడేవాడు అందాకా ఓపిగ్గా నిలబడి ఉంటాడు. దీన్ని ఇష్టపడే తెలుగువాళ్ళు ఊరికొకరు చొప్పున, ఇంట్లోవాళ్ళ దృష్టిలో కాస్త తేడా మనుషులుగా బతుకుతుంటారు. అలాంటివాళ్ళు ఒకచోట చేరి, ఆల్బంలు విని, నచ్చిందో లేదో రాసుకునే చోటే సమితి. పేరు చూసి పొరపడి ఒక రైతు సంఘం నాయకుడు కూడా చేరాడు గానీ, ఒక్క ఆర్గాన్ ఘట్టం విన్నాక ధర్నాలే నయమనుకుని వెళ్ళిపోయాడు.

వెంకటాద్రి రాజమండ్రి బస్టాండులో అనౌన్సరు. కాలేజీ రోజుల్లో సినిమా పాటలు రికార్డు చేయించుకుందామని క్యాసెట్ల షాపుకి వెళితే, షాపువాడు పొరపాటున వేరే ఎవరిదో క్యాసెట్టు చేతిలో పెట్టాడు. అందులో ఐవరీ లాంతర్న్ అనే బ్యాండు ఉంది. తెల్లారాక వెళ్ళి షాపువాణ్ణి నాలుగు దులుపుదామనుకుంటూనే రెండువైపులా విన్నాడు. తెల్లారింది, దులపడానికి వెళ్ళలేదు. ఆ క్యాసెట్టు ఇప్పటికీ అతని బీరువాలో పెళ్ళి ఫోటోల పక్కనే ఉంటుంది. భార్య హైమవతికి ఆ సంగీతం వినబడితే వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు గుర్తొస్తుంది. ఆ మాట ఆవిడ పెళ్ళైన వారంలోనే చెప్పేసింది, తర్వాత మార్చుకోలేదు. అందుకని ఆ సంగీతం గురించి మాట్లాడుకోవడానికి వెంకటాద్రికి సమితి తప్ప వేరే దిక్కు లేదు.

గొడవ నెల్లూరు నుంచి మొదలైంది. కొత్తగా చేరిన ఒక సభ్యుడు, ఎంతోమంది తలలు బాదుకుని అర్థం చేసుకున్న ఒక పెద్ద ఆల్బం విని, తన సమీక్షగా ఇలా రాశాడు: "బాగుంది. కీబోర్డు అదిరింది. తప్పక వినండి."

అది చదివి సమితి అధ్యక్షుడు ఆకొండి త్రివిక్రమరావు గారికి ఒళ్ళు మండిపోయింది. ఆయన ఆడిట్‌లో పెద్ద హోదా చేసి రిటైరై, హైదరాబాదులో ఉంటున్నారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ, ఆయన ఆడిట్‌ని వదల్లేదు. ఆ సాయంత్రమే గ్రూపులో ఒక ప్రకటన పెట్టారు.

"నలుగురు కళాకారులు రెండేళ్ళు శ్రమించి నిర్మించిన కృతిని సదరు సభ్యుడు మూడు ముక్కల్లో పరిష్కరించి ఉన్నారు. స్వీకరించినదానికీ చెల్లించినదానికీ పొంతన లేదు. ఇకమీదట సమీక్ష పఠన కాలము ఆల్బం శ్రవణ కాలమునకు సరిసమానముగా ఉండవలెనని తీర్మానించడమైనది."

నెల్లూరు సభ్యుణ్ణి సస్పెండ్ చేశారు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. వెంకటాద్రి కూడా పెట్టాడు. ఆ క్షణాన అతనికి ఆ తీర్మానం చాలా గొప్పగా తోచింది.

మొదటి చిక్కు వెంటనే వచ్చింది. చదవడానికి ఎంతసేపు పడుతుందన్నది చదివేవాణ్ణి బట్టి ఉంటుంది. గుంటూరు పళ్ళ డాక్టరు ఫణికుమార్ దేన్నైనా గుక్క తిప్పుకోకుండా చదివి పారేస్తాడు. హనుమకొండ లెక్చరరు ఒకాయన ప్రతి కామా దగ్గరా ఆగి ఆలోచిస్తాడు. ఒకే సమీక్ష ఒకరి చేతిలో నిడివి చాలకపోతుంది, ఇంకొకరి చేతిలో మిగిలిపోతుంది. కాబట్టి దేశానికంతా ఒక తూకం ఉన్నట్టు సమితికంతా ఒక పాఠకుడు ఉండాలన్నారు త్రివిక్రమరావు గారు. ఎవరో సభ్యుడి పుట్టినరోజుకి వెంకటాద్రి పంపిన వాయిస్ మెసేజ్ ఆయన మనసులో మెదిలింది. అందులో వెంకటాద్రి శుభాకాంక్షలు చెప్పిన తీరూ, ఏలేశ్వరం బస్సు ఫలానా ప్లాట్‌ఫారం మీదకు వస్తుందని చెప్పే తీరూ ఒక్కటే.

ఆయన ఫోన్ చేసి మరీ చెప్పారు. "మీ కంఠంలో అభిప్రాయమన్నది ఏ కోశానా కనబడదు వెంకటాద్రి గారూ. వేగం ఎక్కడా పెరగదు, ఎక్కడా తగ్గదు. మిమ్మల్ని సమితి ప్రామాణిక పాఠకుడిగా నియమిస్తున్నాం."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో వెంకటాద్రి గొంతును మెచ్చుకున్నవాళ్ళు లేరు. బస్సు లేటైతే తిట్టడానికి మాత్రం అందరూ ఆ గొంతు ఎవరిదని వెతుక్కుంటూ వచ్చేవారు. అందుకని ఉప్పొంగిపోయాడు. ఇంట్లో చెబితే హైమవతి, జీతం పెంచారా అని అడిగి, లేదని తెలిశాక పప్పు తాలింపు వేసుకోవడానికి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం నుంచీ కొలతలు మొదలయ్యాయి. సభ్యులందరూ తెర మీద కనబడతారు. వెంకటాద్రి సమీక్షను పైకి చదువుతాడు. త్రివిక్రమరావు గారు స్టాప్‌వాచీ పట్టుకుంటారు. నిడివి తగ్గితే "లోపభూయిష్టం" అని తిప్పి పంపుతారు. ముప్పావుగంట చదివించేలా రాయాలంటే ఎవరి దగ్గర మాత్రం అంత సరుకుంటుంది? రాసేవాళ్ళకి తల ప్రాణం తోకకొచ్చింది. కొందరు బ్యాండు సభ్యుల ముత్తాతల దాకా వెళ్ళారు. కొందరు అట్టమీది బొమ్మలో ఉన్న కొండ ఎక్కి, దాని మీది గడ్డిని వర్ణించారు. ఫణికుమార్ మాత్రం, ఆల్బంలో డ్రమ్ముల సోలో ఉన్నప్పుడు సమీక్షలోనూ ఉండొద్దా అని వాదించి, మూడు పేజీల నిండా "డబడబ డబ, డబడబ డబ" అని రాశాడు. అధ్యక్షులవారు ఆలోచించి, న్యాయమేనన్నారు. వెంకటాద్రి ఆ మూడు పేజీలనూ కాకినాడ నాన్‌స్టాప్‌ను పిలిచినంత తాపీగా చదువుతుంటే, హైమవతి వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏవండీ, బస్సేదైనా బోల్తా పడిందా?" అని అడిగింది.

ఆవిడ మాట కూడా పఠన కాలంలో పడింది గనుక, ఫణికుమార్‌కు ఆ మేరకు కోత పెట్టారు.

తర్వాత హనుమకొండ లెక్చరరు ఒక అడుగు ముందుకేశాడు. అతను తీసుకున్న ఆల్బంలో ఒకచోట వాద్యాలన్నీ ఆగిపోయి కాసేపు నిశ్శబ్దం ఉంటుంది. దానికి సరిగ్గా అతను సమీక్షలో ఒక పేజీ ఖాళీగా వదిలాడు. ఆ పేజీని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని వారం రోజులు తర్జనభర్జన జరిగింది. చివరికి త్రివిక్రమరావు గారు తీర్పు చెప్పారు: "మౌనము కూడా రచనయే. ఖాళీ పేజీని ప్రామాణిక పాఠకుడు మౌనముగా, శ్రద్ధగా చదవవలెను." ఆ ఆదివారం వెంకటాద్రి, నిశ్శబ్దం ఎంతసేపుందో అంతసేపూ తెల్లకాగితం కేసి చూస్తూ కూర్చున్నాడు. శ్రద్ధ తగ్గిందని లెక్చరరు అప్పీలు చేసుకుంటే, రెండోసారి ఇంకొంచెం శ్రద్ధగా చూశాడు.

ఇక ఆంక్షలు రావడం మొదలైంది. ఒక ఆదివారం వెంకటాద్రి రెండు కాఫీలు తాగి కూర్చున్నాడు. ఆరోజు చదువు కాస్త జోరుగా సాగి ఫణికుమార్ సమీక్ష నిడివి చాలకపోయింది. విచారణ జరిపి, చదివే ముందు కాఫీ పనికిరాదన్నారు. వర్షాకాలం వచ్చేసరికి, పాఠకుడికి జలుబు చేయరాదని తీర్మానించారు. వెంకటాద్రి గోరువెచ్చని నీళ్ళు తాగుతూ, చెవులకు మఫ్లరు చుట్టుకుని డ్యూటీకి వెళ్ళాడు. వేళాకోళమాడిన కండక్టర్లకు, సమితి ఆదేశమని చెప్పుకున్నాడు. అప్పటికి అతనికి ఇంకా గర్వంగానే ఉండేది.

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం చేశాక వెంకటాద్రి ఒక మందకొడి ఆల్బం వింటూ కునికిపాట్లు పడ్డాడు. ఆ సాయంత్రం చదివిన సమీక్ష, నిడివి చాలనిదైనా, అతని చేతిలో సాగి సాగి నెగ్గిపోయింది. తమ సమీక్షలు తిరిగొచ్చినవాళ్ళు ఊరుకుంటారా? మళ్ళీ విచారణ. వెంకటాద్రి అబద్ధమాడలేక ఆల్బం విన్న సంగతి చెప్పేశాడు. వారం తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది.

"సంగీతము పాఠకుని వేగమును ప్రభావితము చేయుచున్నట్లు రుజువైనది. కావున ప్రామాణిక పాఠకుడు ఇకపై, పఠనమునకు పూర్వము, ఏ విధమైన సంగీతమును వినరాదు."

చదవాల్సిన సమీక్ష ఎప్పుడూ ఒకటి ఉండనే ఉంటుంది. అంటే వినడానికి వీలైన రోజంటూ ఇక రాదు. సంగీతం కోసం పెట్టుకున్న సమితిలో సంగీతం వినకూడని మనిషి తనొక్కడే అయ్యాడు. వెంకటాద్రి మాటిచ్చిన మనిషి. హెడ్‌ఫోన్సు తీసి బీరువా మీద పెట్టేశాడు. మిగతా సభ్యులందరూ హాయిగా వింటూ ఉంటారని తలచుకుంటే అతనికి కడుపులో మంటగా ఉండేది.

సరిగ్గా అప్పుడు ఐవరీ లాంతర్న్ కొత్త ఆల్బం వచ్చింది.

ఆ బ్యాండు ఎప్పుడో విడిపోయింది. మిగిలినవాళ్ళు ముసలివాళ్ళైపోయారు. ఇన్నేళ్ళకు మళ్ళీ కలిసి, ఇదే ఆఖరిదని చెప్పి, 'ది ఫెర్రీమాన్స్ హాలిడే' అని ఒక ఆల్బం చేశారు. పడవ నడిపేవాడు జీవితమంతా జనాన్ని ఆ ఒడ్డుకీ ఈ ఒడ్డుకీ చేరవేసి, ఒకరోజు సెలవు పెట్టి, తనే ప్రయాణికుడై పడవ ఎక్కడం దాని కథ. ఆ నాలుగు ముక్కలూ వెంకటాద్రి మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. డబ్బు కట్టి ఫోన్‌లోకి దించుకున్నాడు. అంతే, ముట్టుకోలేదు. ప్లాట్‌ఫారాల మీద బస్సులు రావడానికీ పోవడానికీ మధ్య సందు దొరికినప్పుడల్లా ఫోన్ తీసి అట్టబొమ్మ చూసుకుని మళ్ళీ జేబులో పెట్టుకునేవాడు.

సభ్యులు ఆ ఆల్బం మీద పడ్డారు. సమీక్ష వెనక సమీక్ష వచ్చిపడింది. వరసలో పెట్టి చదివితే దసరా దాటుతుంది. వెంకటాద్రి ధైర్యం చేసి అధ్యక్షులవారికి ఫోన్ చేశాడు. ఒక్కసారి విననివ్వమని, ఆ తర్వాత కావాలంటే వారం రోజులు ఉపవాసం ఉంటానని బతిమాలాడు. త్రివిక్రమరావు గారు కాసేపు నీళ్ళు నమిలి, మానవతా దృక్పథంతో తనకూ బాధగానే ఉందనీ, కానీ తూకపు రాయికి ఆకలేసినా తూకం ఆగదనీ చెప్పి పెట్టేశారు.

ఆ రోజు వెంకటాద్రి అన్నం సరిగా తినలేదు. హైమవతి కంచం కేసి చూసి, ఏమైందని అడిగింది. చెప్పాడు.

"వినేయండి. ఎవరు చూడొచ్చారు?"

"చదివితే తెలిసిపోతుంది. అడిగితే నేను దాచలేను."

హైమవతి మజ్జిగ పోసింది. తర్వాత, కోపం లేకుండానే అంది: "జీవితమంతా బస్టాండులో కూర్చుని బస్సుల్ని పిలిచారు. ఒక్కటంటే ఒక్కటి సరదాగా ఎక్కి ఎక్కడికీ వెళ్ళింది లేదు. ఇదీ అంతేనా?"

ఆ మాట అతనికి బాగా తగిలింది. చేయి కడుక్కుని, సమితి తీర్మానాలన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. ప్రామాణిక పాఠకుడు వినరాదని ఉంది, కాఫీ తాగరాదని ఉంది, జలుబు చేయరాదని ఉంది. రాయరాదని మాత్రం ఎక్కడా లేదు.

మర్నాడు ప్రొద్దున్నే అతని సమీక్ష సమితికి చేరింది. మొదటి పేజీలో ఆల్బం పేరు, కింద తన పేరు. మిగతా పేజీలన్నీ ఖాళీ, పాటకొక పేజీ చొప్పున. మౌనం కూడా రచనేనన్న తీర్పును కింద ఉదహరించాడు.

త్రివిక్రమరావు గారు ఇచ్చిన తీర్పును తనే కాదనే మనిషి కాదు. స్వీకరించారు. కానీ ఆడిట్ బుర్రకు వెంటనే ఒక అనుమానం వచ్చింది. అక్షరాలుంటే చదవడం ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. ఖాళీ పేజీ ఎప్పుడు పూర్తయిందని ఎలా తెలియాలి? వెంకటాద్రి దీనికి ముందే సిద్ధంగా ఉన్నాడు. ఏ పాటకు ఏ పేజీయో ఆ పాట నడుస్తుండగానే ఆ పేజీ చదివితే, నిడివిలో వెంట్రుకవాసి తేడా కూడా రాదని విన్నవించుకున్నాడు. వినకూడదన్నది పఠనమునకు పూర్వము కదా, ఇది పఠనముతో పాటే కదా అని కూడా వినయంగా జోడించాడు. అధ్యక్షులవారు రెండు రోజులు ఆలోచించి ఉత్తర్విచ్చారు.

"ఆల్బమును కొలబద్దగా ఉపయోగించుకొనుటకు అనుమతించడమైనది. పాఠకుడు దానిని ఆనందించరాదు."

ఆ ఆదివారం సభ్యులందరూ తెర మీద హాజరయ్యారు. వెంకటాద్రి బీరువా మీంచి హెడ్‌ఫోన్సు దించి, దుమ్ము తుడిచి, చెవులకు పెట్టుకున్నాడు. ఎదురుగా తెల్లకాగితాల బొత్తి. హైమవతి ప్రెషర్ కుక్కరు పెట్టకుండా వాయిదా వేసింది. త్రివిక్రమరావు గారు కానివ్వమన్నారు.

వెంకటాద్రి మొదటి ఖాళీ పేజీ తెరిచాడు, చెవుల్లో నీళ్ళ చప్పుడు మొదలైంది. అతను ముఖం బిగించాడు. వరద రోజుల్లో బస్సులన్నీ రద్దయ్యాయని చెబుతున్నప్పుడు కూడా చలించని ముఖం అది. ఆర్గాన్ వచ్చింది. అదే మనిషి వాయిస్తున్నాడు, గుర్తుపట్టాడు. పూర్వం ఆ వేళ్ళు ఆగకుండా పరిగెత్తేవి. ఇప్పుడు పరిగెత్తలేవు. ఒక్కొక్క స్వరం మీదా నిలబడి, అది ఆరిపోయేదాకా చూసి, అప్పుడు ఇంకోదాని మీద అడుగేస్తున్నాయి. వయసైపోయి అలా వాయిస్తున్నాడో, ఇన్నాళ్ళకు అర్థమై అలా వాయిస్తున్నాడో వెంకటాద్రికి తెలియలేదు. ఏదైనా సరే, అది అతనికి పట్టరాని ఆనందంగా ఉంది. ఆనందం పైకి కనబడకుండా పేజీ తిప్పాడు.

చివరి పాటలో పడవవాడు అవతలి ఒడ్డున దిగి, తన ఖాళీ పడవ వెనక్కి వెళ్ళడం చూస్తాడు. అక్కడ వెంకటాద్రి ముఖం అలాగే ఉంది గానీ, కళ్ళు మాట వినలేదు. రెండు చుక్కలు తెల్లకాగితం మీద పడ్డాయి. తుడుచుకుంటే పఠనానికి భంగమని తుడుచుకోలేదు. ఆఖరి స్వరం ఆగిపోగానే ఆఖరి పేజీ మూశాడు. స్టాప్‌వాచీ కూడా అక్కడే ఆగింది.

ముందుగా ఫణికుమార్ గొంతు సవరించుకుని, ఆరో పేజీ దగ్గర తను కూడా తట్టుకోలేకపోయానన్నాడు. లెక్చరరు ఇంత నిండైన రచన ఈమధ్య చదవలేదన్నాడు. త్రివిక్రమరావు గారు తీర్పు చదివారు.

"పఠన సమయములో పాఠకునికి కన్నీరు వచ్చినట్లు నమోదైనది. ఆల్బము కొలబద్ద మాత్రమే కనుక, కన్నీటికి కారణము సమీక్షయే అని నిర్ధారించడమైనది. సమితి చరిత్రలో ఇది అత్యుత్తమ సమీక్ష."

తర్వాత జరగవలసిందే జరిగింది. వారంలోపల సభ్యులందరూ తమ పాత సమీక్షలు వెనక్కి తీసుకుని, ఖాళీ పేజీలు పంపారు. ఇవన్నీ వెంకటాద్రి సమీక్షకు కాపీలని ఎవరో ఫిర్యాదు చేశారు. ఫణికుమార్ తన ఖాళీ పూర్తిగా స్వతంత్రమైనదని, తన ఖాళీలో ఒక దంత వైద్యుడి జీవితానుభవం ఉందని వాదించాడు. ఎవరి ఖాళీ ఎవరిదో తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. ఆ సంఘం కాగితాలను పక్కపక్కన పెట్టుకుని ఇప్పటికీ చూస్తోంది. అది తేలేదాకా పఠనాలు నిలిపేశారు గనుక, వెంకటాద్రి ప్రొద్దున్నే కాఫీ తాగి, తోచిన ఆల్బం పెట్టుకుని వింటున్నాడు.

అలా వింటుండగా ఒకరోజు ఫణికుమార్ ఫోన్ చేశాడు. ఆ కబురూ ఈ కబురూ చెప్పి, గొంతు తగ్గించి, "ఇంతకీ ఆ ఫెర్రీ ఆల్బం ఎలా ఉందండీ?" అని అడిగాడు. వెంకటాద్రి తెల్లబోయాడు. దాని మీద ముప్పావుగంట సమీక్ష రాసింది మీరే కదా అన్నాడు. రాయడంతోనే సరిపోయిందనీ, వినడానికి తీరిక ఎక్కడిదనీ ఫణికుమార్ వాపోయాడు. మర్నాడు లెక్చరరు అదే అడిగాడు. ఆ తర్వాత ఇంకొకరు. ఆల్బం వింటున్నారని తను అసూయపడిన వాళ్ళలో ఒక్కరూ వినలేదు. సమితిలో ఆ ఆల్బం విన్న మనిషి తనొక్కడే.

చివరికి త్రివిక్రమరావు గారు కూడా ఫోన్ చేశారు. ఎప్పుడూ ఉత్తర్వులా ఉండే గొంతు ఆరోజు మామూలు ముసలాయన గొంతులా ఉంది. సమితి పనులతో తను పాట విని ఏడాదైందని, రికార్డుకు సంబంధం లేకుండా, మనిషికి మనిషిగా అడుగుతున్నానని అన్నారు.

"ఎలా ఉందయ్యా?"

వెంకటాద్రికి చెప్పాలనిపించింది చాలా ఉంది. ఆగి ఆగి నడిచే ఆ వేళ్ళ గురించి, వెనక్కి వెళ్ళిపోయిన ఆ పడవ గురించి. నోరు తెరిచాడు. ఎదురుగా కూరగాయలు తరుగుతున్న హైమవతి చేయి ఆపి, ఏం చెబుతాడా అని అతని కేసే చూస్తోంది.

"బాగుందండి," అన్నాడు. "కీబోర్డు అదిరింది. తప్పక వినండి."

నెల్లూరు కుర్రాడు ఆయనకు కూడా గుర్తొచ్చి ఉంటాడు.

"సరే. ఈ ముక్క చాలు," అన్నారు త్రివిక్రమరావు గారు. ఫోన్ పెట్టేశారు, వినడానికి.